మూడు వేళ్ల వెలితి

లిమా నగరంలో వాన పడదు.
ఆర్నెల్లు ఆకాశం తడిగుడ్డలా వేలాడుతుంది గానీ
దాన్ని ఎవరూ పిండరు.

నేను నీళ్లబండి తోలుతాను.
తెల్లారుజామున నాలుగింటికి పంపు దగ్గర వరస,
అయిదున్నరకి కొండ.
పదకొండో మలుపు దాకా బండి ఎక్కుతుంది,
ఆ పైన గొట్టం ఎక్కుతుంది,
గొట్టం చాలనిచోటికి బకెట్లతో ఆడవాళ్లు ఎక్కుతారు.

ప్రతి ఇంటిముందూ నీలం పీపా.
పీపా మీద సుద్దతో పేరూ, బాకీ.
పీపాడు నీళ్లు మూడు సోళ్లు.
కొండ నెత్తిన గోడ, గోడ నెత్తిన ముళ్లతీగ.
దాటి పడ్డ బంతి తిరిగి రాదు.
అవతల కొళాయిలున్నాయి.
అక్కడ అదే పీపాడు ఎంతకొస్తుందో
నా కూతురు యెసేనియా బళ్లో లెక్క కట్టింది.
ఇక్కడి ధరలో పదో వంతు కూడా రాలేదు.
టీచరు తప్పని కొట్టేసి మళ్లీ చెయ్యమంది.
మళ్లీ చేసింది.
అదే వచ్చింది.

డబ్బుని మంచినీళ్లలా ఖర్చుపెడతారంటారు కొందరిని.
మా కొండ మీద మంచినీళ్లని డబ్బులా ఖర్చుపెడతారు.
బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకి,
గిన్నెలు తోమినవి గుమ్మం ముందు దుమ్ముకి,
పసివాడి స్నానం నీళ్లు డబ్బాలో జెరేనియం మొక్కకి.
ఏ నీళ్లకి ఎప్పుడు ఎదురు చూడాలో
మా కుక్కలకి కూడా తెలుసు.

ఎపిఫానియా గోడకవతల పని చేస్తుంది.
గోడకి గుమ్మం లేదు కదా,
కొండ దిగి, రెండు బస్సులు మారి, గంటన్నర చుట్టు తిరిగి
తన పెరటి వెనక్కి పనికి వెళ్తుంది.
అక్కడ పచ్చికకి నీళ్లు పెడుతుంది,
గొట్టం మూతి బొటనవేలితో నొక్కి, జల్లుగా,
పొద్దున ఒకసారి, ఎండ తగ్గాక ఇంకోసారి.
"గడ్డి దగ్గర ఎంత తీసుకుంటున్నారు?" అనడిగింది నన్ను.
నీళ్లు నమిలాను.
నా దగ్గరున్నవి అవేగా.

మొన్న శుక్రవారం
గేటు దగ్గర కాపలావాడు సంచీ విప్పమన్నాడు.
రోజూ విప్పమంటాడు, చెంచాలకోసం, సబ్బుబిళ్లలకోసం.
ఆ రోజు బయటపడ్డవి రెండు సోడాసీసాలు,
మూతిదాకా కొళాయినీళ్లు.
అతని పుస్తకంలో రెండు గళ్లుంటాయి:
వస్తువు, విలువ.
మొదటి గడి నింపడం తేలికే.
రెండోదాని దగ్గర కలం ఆగిపోయింది.
గోడకి ఇటువైపు ధరా, అటువైపు ధరా?
ఆ హెర్మెనెహిల్దో కూడా మా కొండవాడే, ఏడో మలుపు.
అతని పీపా మీద సుద్దగీతలు నాకు కంఠతా వచ్చు,
పద్నాలుగు పీపాల బాకీ.
రెండు గళ్లకీ కలిపి అడ్డగీత కొట్టి
వెళ్లమన్నాడు.

ఎపిఫానియా ఇదంతా నవ్వుతూ చెప్పింది
నేను ఆమె పీపా నింపుతుంటే.
ఆ నీళ్లు మనవడు విల్డెర్ తాగాడట,
రుచిలో తేడా ఏం లేదని పెదవి విరిచాడట.
నేనూ నవ్వాను.
నవ్వుతుండగానే నా చెయ్యి, అలవాటుకొద్దీ,
అంచుకి మూడు వేళ్ల కిందే గొట్టం మూసేసింది.

పీపాకి మూడు వేళ్లు.
నలభై పీపాలకి రెండు పీపాలు మిగుల్తాయి.
డీజిలుకని చెప్పుకుంటాను, టైరుకని చెప్పుకుంటాను.
బండి ఓనరుని నేనెప్పుడూ చూళ్లేదు.
శనివారాలు ఫోన్లో గొంతు వినిపిస్తుంది,
గొంతు వెనకాల
ఏదో పారుతున్న చప్పుడు.

ఎపిఫానియా పీపాలోకి వంగి చూసింది.
అంచు దగ్గర వేళ్లు పెట్టింది,
చిటికెన వేలొక్కటీ మడిచి.
తడి అందేదాకా దింపి
ఆ తడి పావడాకి తుడవలేదు, మొహానికి రాసుకుంది.
సుద్దముక్క తనే తీసి
పీపా మీద రాసింది: మూడు.

సోళ్లో, వేళ్లో
నేనడగలేదు.
ఇంకా పన్నెండిళ్లున్నాయి పైన.